మొండి హెడ్‌ఫోన్‌కి ఎంత పవర్ కావాల?

(తిరుపతిలో సంగీత శ్రోతల కూడికలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేసినది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్న పిల్లోళ్ళకి వినిపిస్తా ఉందా? సరే, వినిపించకపోతే చెయ్యెత్తండి.

ఈ రోజు ఒకే ఒక ప్రశ్న పట్టుకుని మాట్లాడతాను. ఇందాక లోపలికి వస్తా ఉంటే మెట్ల దగ్గరే ఇద్దరు ముగ్గురు ఆపి అడిగినారు. "సార్, మంచి హెడ్‌ఫోన్ కొన్నాను, ఫోనుకి పెడితే సౌండు చాలడం లేదు, ఎన్ని వాట్ల ఆంప్లిఫయర్ తీసుకోమంటారు?" అని. ఎన్ని వాట్లు అని మాత్రమే అడిగితే నేను జవాబు చెప్పలేను. ఏ హెడ్‌ఫోన్? మీరు ఎంత గట్టిగా వింటారు? వినే సంగీతం ఎట్లాంటిది? ఈ మూడూ చెప్పండి, ఒక కాగితం, ఒక పెన్ను ఇవ్వండి, ఇక్కడే లెక్క కట్టేస్తాం. ఆ లెక్క కట్టకుండా వేలకు వేలు పోసి ఆంప్లిఫయర్లు కొంటా ఉన్నారు. అది చూస్తే నాకు నిజంగా బాధ. అందుకే వచ్చినాను.

ముందు సంగీతం సంగతి చూద్దాం. గోవిందరాజస్వామి గుడి దగ్గర ఉత్సవం రోజుల్లో మేళం విననివాళ్ళు ఈ హాల్లో ఎవరన్నా ఉన్నారా? ఉండరు. నాదస్వరం సాగుతా ఉంటుంది, పక్కన డోలు. డోలు మీద కర్ర దెబ్బ పడిన ఆ క్షణం ఉంది చూడండి, అది కన్ను మూసి తెరిచేలోపల అయిపోతుంది. కానీ ఆ క్షణంలో శబ్దం సగటు కంటే ఎంతో పైకి లేస్తుంది. బాగా రికార్డు చేసిన కచేరీలో సగటు కంటే 20 డెసిబెళ్ళు పైకి పోయే దెబ్బలు మామూలే. డెసిబెల్ అనేది శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత. 20 డెసిబెళ్ళు అంటే ఎంత? పవర్‌లో 100 రెట్లు. మళ్ళీ చెబుతున్నా, 100 రెట్లు. రాగాలాపనకి 1 మిల్లీవాట్ చాలిన హెడ్‌ఫోన్‌కి ఆ ఒక్క డోలు దెబ్బకి 100 మిల్లీవాట్లు కావాల.

ఆ 100 ఇవ్వలేని ఆంప్లిఫయర్ ఏం చేస్తుంది? తను పోగలిగినంత పైకి పోయి అక్కడ ఆగిపోతుంది. అలకి పైభాగం కోసేసినట్టు చదునైపోతుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. ప్రతిసారీ గరగరమని వినపడదు, మరీ ముదిరితేనే గరగర. కొద్దిగా ఉన్నప్పుడు ఎట్లా ఉంటుందంటే, దెబ్బ వినపడుతుంది కానీ తగలదు. మృదంగం మొద్దుబారుతుంది. వినేవాళ్ళేమో "ఈ హెడ్‌ఫోన్‌లో బేస్ లేదు" అని హెడ్‌ఫోన్‌ని అమ్మేస్తారు. తప్పు హెడ్‌ఫోన్‌ది కాదు కదా!

కాబట్టి సగటుకి కాదు, శిఖరానికి లెక్క వేయాల. శిఖరం ఎంత పెట్టుకుందాం? సగటున 80 డెసిబెళ్ళ దగ్గర వింటే బాగానే గట్టిగా విన్నట్టు. దాని మీద 20, 25 దెబ్బలకి. ఇంకో 5 చేతిలో ఉంచుకుందాం, కొన్ని రికార్డింగులు తక్కువ స్థాయిలో ఉంటాయి కాబట్టి. మొత్తం 110. కొందరు 115 అంటారు, 120 అనేవాళ్ళూ ఉన్నారు. నా మట్టుకు నేను ఇంట్లో వినడానికి 110 పెట్టుకుంటే చాలంటాను. బేస్ బాగా పెంచుకుని వినేవాళ్ళు మాత్రం 115 పెట్టుకోండి. ఎందుకో తర్వాత చెబుతాను.

ఇప్పుడు హెడ్‌ఫోన్ డబ్బా తిప్పి వెనక చూడండి. రెండు అంకెలు ఉంటాయి. ఒకటి ఇంపీడెన్స్, అంటే కరెంటుకి హెడ్‌ఫోన్ పెట్టే అడ్డు, ఓమ్‌లలో. రెండోది సెన్సిటివిటీ, అంటే ఇంత ఇస్తే ఎంత గట్టిగా మోగుతుందనేది, డెసిబెళ్ళలో. అందరూ ఏం చేస్తారు? ఓమ్‌లు మాత్రం చూస్తారు. "300 ఓమ్‌లా? అమ్మో, మొండిది, ఊరికే మోగదు. 60 ఓమ్‌లా? అయితే సులువు." అసలు విషయం తలకిందులుగా ఉండొచ్చు. చూపిస్తాను, రాసుకునేవాళ్ళు రాసుకోండి.

డెసిబెల్ లెక్కకి రెండు సూత్రాలు చాలు. 10 డెసిబెళ్ళు పెరిగితే పవర్ 10 రెట్లు. 3 పెరిగితే 2 రెట్లు. అంతే. దీంతోనే అన్నీ తేల్చేయొచ్చు.

బేయర్‌డైనమిక్ డీటీ 880, అందులో 600 ఓమ్‌ల రకం. సెన్సిటివిటీ 1 మిల్లీవాట్‌కి 96 డెసిబెళ్ళు. మనకి 110 కావాల. తేడా 14. 14 అంటే 20లోంచి రెండుసార్లు 3 తీసేసినట్టు. 20కి 100 రెట్లు, అందులో సగం 50, దాంట్లో సగం 25. అంటే 25 మిల్లీవాట్లు. ఎంత తక్కువో చూసినారా? ఇంక వోల్టేజీ. వాట్లని ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీయాల. 0.025 ఇంటూ 600, 15. దాని వర్గమూలం దాదాపు 3.9 వోల్టులు. కరెంటు 6.5 మిల్లీయాంపులు, లెక్కలోకే రాదు.

ఇప్పుడు హైఫైమ్యాన్ సుస్వర. పేరు కూడా మన పేరే. ప్లానర్ హెడ్‌ఫోన్, అంటే అయస్కాంతాల పక్కన పల్చని పొర కదిలి మోగే రకం. 60 ఓమ్‌లు. 1 మిల్లీవాట్‌కి 83 డెసిబెళ్ళు. 110కి తేడా 27. 30లోంచి 3 తీయండి. 1000లో సగం, 500 మిల్లీవాట్లు. అర వాట్! వోల్టేజీ? 0.5 ఇంటూ 60, 30. వర్గమూలం 5.5 వోల్టులు. కరెంటు 91 మిల్లీయాంపులు. ఓమ్‌లు పదో వంతు, పవర్ 20 రెట్లు. ఇప్పుడు చెప్పండి, ఏది మొండిది?

దీన్ని మన అలిపిరి దారితో పోల్చుకోవచ్చు. కొండ పైదాకా చిన్న మూట మోసుకుపోయేవాడు ఒకడు. గాలిగోపురం దాకానే, కానీ పెద్ద గంప నెత్తిన పెట్టుకుని పోయేవాడు ఇంకొకడు. ఎక్కే ఎత్తు వోల్టేజీ, మోసే బరువు కరెంటు. 600 ఓమ్‌ల హెడ్‌ఫోన్ ఎత్తు అడుగుతుంది, బరువు అడగదు. తక్కువ ఓమ్‌ల ప్లానర్ బరువు అడుగుతుంది. సుస్వర లాంటివి రెండూ అడుగుతాయి. వాట్లు అంటే ఆ రెండిటి గుణకారం. ఆ అంకె ఒక్కటి చూస్తే మీ ఆంప్లిఫయర్ ఎత్తు ఎక్కగలదా, బరువు మోయగలదా అనేది తెలియదు.

ఇంకో చిక్కు ఉంది, జాగ్రత్తగా వినండి. సెన్సిటివిటీని కొన్ని కంపెనీలు మిల్లీవాట్‌కి చెబుతాయి, కొన్ని 1 వోల్టుకి చెబుతాయి. సెన్‌హైజర్ హెచ్‌డి 650 తీసుకోండి, 2003లో వచ్చింది, ఇప్పటికీ కొనేవాళ్ళున్నారు. 300 ఓమ్‌లు. 1 వోల్టుకి 103 డెసిబెళ్ళు అని ఇస్తారు. 300 ఓమ్‌ల మీద 1 వోల్టు అంటే 3.3 మిల్లీవాట్లు. అంటే మిల్లీవాట్ లెక్కలో అది 98 దగ్గర. అదే 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కైతే 1 వోల్టు 31 మిల్లీవాట్లు అవుతుంది, తేడా 15 డెసిబెళ్ళు! "రెండిటికీ 103 అనే ఉంది కదా" అని కొంటే పెద్ద దెబ్బ. ఏ లెక్కో చూసుకోండి. మిల్లీవాటా, వోల్టా అనేది చూసుకోండి.

హెచ్‌డి 650కి 110 కావాలంటే ఎంత? 7 డెసిబెళ్ళు తక్కువ ఉంది, అంటే 2.2 వోల్టులు, 17 మిల్లీవాట్లు. ఇంతే! సుస్వర అడిగేదాంట్లో 30వ వంతు. 1 వోల్టు ఇచ్చే చిన్న యూఎస్‌బీ డాంగిల్, అదే ఫోనుకి తగిలించి హెడ్‌ఫోన్ పెట్టుకునే బుల్లి అడాప్టర్, పెట్టినా 103 దాకా పోతుంది. మెల్లగా వినేవాళ్ళకి అదే చాలు. అదే డాంగిల్ సుస్వరకి పెడితే 95 దగ్గర ఆగిపోతుంది. సగటు 75 దాటితే డోలు దెబ్బలు తెగిపోతాయి.

అన్నిటికంటే మొండిది చెప్పమంటారా? ఏకేజీ కంపెనీ 1989లో కే1000 అని ఒకటి తెచ్చింది. 120 ఓమ్‌లు, మిల్లీవాట్‌కి 74 డెసిబెళ్ళు. 110కి తేడా 36. అంటే 4 వాట్లు, దాదాపు 22 వోల్టులు. దాన్ని స్పీకర్ ఆంప్లిఫయర్ టెర్మినళ్ళకే తగిలించి వింటారు. అది ఇప్పుడు దొరకదు, కానీ ఈ మైదానం ఎంత పెద్దదో తెలియడానికి చెప్పినాను. 17 మిల్లీవాట్ల నుంచి 4 వాట్ల దాకా ఉంది. అందుకే "ఎన్ని వాట్లు" అని ఊరికే అడిగితే నోరు మూతపడుతుంది.

ఎలక్ట్రోస్టాటిక్ హెడ్‌ఫోన్లు ఈ లెక్కలోకి రావు. వాటికి వందల వోల్టుల బయాస్, అంటే ఎప్పుడూ నిలిచి ఉండే వోల్టేజీ, ఇచ్చే ప్రత్యేక యూనిట్ ఉంటుంది. ఈ రోజు వాటి జోలికి పోను.

ఇంక ఆంప్లిఫయర్ వైపు వద్దాం. డబ్బా మీద పెద్ద అక్షరాలతో "1 వాట్" అని ఉంటుంది. ఎన్ని ఓమ్‌ల దగ్గర? కింద చిన్న అక్షరాల్లో 32 ఓమ్‌లు అని ఉంటుంది. 32 ఓమ్‌ల మీద 1 వాట్ అంటే 5.7 వోల్టులు. అదే వోల్టేజీ 300 ఓమ్‌ల మీద ఎంత ఇస్తుంది? 107 మిల్లీవాట్లే. "అయ్యో, పదో వంతు అయిపోయిందే" అని భయపడకండి, హెచ్‌డి 650కి కావాల్సింది 17. బోలెడు మిగులుతుంది. కానీ ఆ 32 ఓమ్‌ల అంకె ఒక్కటే ఇచ్చి, 300 దగ్గర ఎంతో చెప్పని కంపెనీని నేను నమ్మను. కనీసం రెండు చోట్ల అంకె ఉండాల.

ఎందుకు రెండు చోట్ల? ఓ2 అనే ఆంప్లిఫయర్ చూపిస్తాను. 2011లో ఎన్‌డబ్ల్యూఏవీగై అనే మారుపేరుతో ఒక ఇంజనీరు డిజైన్ చేసి, సర్క్యూట్ మొత్తం అందరికీ ఉచితంగా ఇచ్చేసినాడు. కొలతలన్నీ బయటపెట్టినాడు, అందుకే నాకు ఆయనంటే గౌరవం. గోడ అడాప్టర్ మీద అది 600 ఓమ్‌లకి 88 మిల్లీవాట్లు, 150 ఓమ్‌లకి 355, 33 ఓమ్‌లకి 613 ఇస్తుంది. ఇప్పుడు వోల్టులు కట్టండి. 600 దగ్గర 7.3 వోల్టులు. 150 దగ్గర కూడా 7.3. మరి 33 దగ్గర? 4.5 వోల్టులకి పడిపోయింది. ఎందుకు? అక్కడ కరెంటు అయిపోయింది, 136 మిల్లీయాంపుల దగ్గర. మూడు అంకెల్లోంచి రెండు హద్దులు బయటపడినాయి. ఎత్తు హద్దు 7.3 వోల్టులు, బరువు హద్దు 136 మిల్లీయాంపులు. డీటీ 880కి 3.9 వోల్టులు కావాల, దీంట్లో దాదాపు రెట్టింపు ఉంది. సుస్వరకి 110 దాకా 5.5 వోల్టులు, 91 మిల్లీయాంపులు, రెండు హద్దుల లోపలే ఉంది. 115 కావాలంటే 9.75 వోల్టులు, 162 మిల్లీయాంపులు అవుతుంది, ఇంక చాలదు. చూడండి, ఎంత స్పష్టంగా తేలిపోయిందో! ఎవరి అభిప్రాయమూ అక్కర్లేదు.

వాల్యూమ్ నాబ్ గురించి ఒక మాట. "సార్, నా ఆంప్లిఫయర్ చాలా పవర్‌ఫుల్, నాబ్ పావు తిప్పితేనే చెవులు పగులుతాయి" అంటారు. అది పవర్ కాదు, గెయిన్. వచ్చిన సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందనేది గెయిన్. చివరికి ఎంతదాకా పోగలదనేది పవర్. పావు తిప్పుడుకే మోత మోగించి, సగానికి వచ్చేసరికి క్లిప్ అయ్యేవి ఉన్నాయి. నాబ్ మూడొంతులు తిప్పినా హాయిగా, శుభ్రంగా పాడేవీ ఉన్నాయి. నాబ్ ఎక్కడుందో చూసి ఆంప్లిఫయర్‌ని తూచొద్దు. గెయిన్ స్విచ్ ఉంటే తక్కువలో మొదలుపెట్టండి, చాలకపోతేనే ఎక్కువకి మార్చండి.

బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్, అంటే కుడి ఎడమలకి వైర్లు పూర్తిగా విడివిడిగా ఉండేది, ఎందుకు అంటారా? అదే పెట్టెలో ఇంకో జత ఆంప్లిఫయర్లు ఎదురెదురుగా పనిచేస్తాయి, వోల్టేజీ రెట్టింపు అవుతుంది, అంటే 6 డెసిబెళ్ళు. వోల్టేజీ చాలని హెడ్‌ఫోన్‌కి నిజంగా ఉపయోగం. హెచ్‌డి 650 లాంటిదానికి మామూలు జాక్‌లోనే కావాల్సినంత ఉంటే, బ్యాలెన్స్‌డ్ కోసం కేబుల్ మార్చి ఖర్చు పెట్టాల్సిన పని లేదు. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. బ్యాలెన్స్‌డ్ సాకెట్‌లో పెట్టి, చివర మామూలు 3.5 జాక్ వచ్చే అడాప్టర్ వాడొద్దు. మామూలు జాక్‌లో రెండు ఛానళ్ళకీ నెగటివ్ ఒకటే. రెండు అవుట్‌పుట్‌లు ఒకదానికొకటి షార్ట్ అవుతాయి, ఆంప్లిఫయర్ పోవచ్చు. క్లాస్-డి అనే రకం చిన్న స్పీకర్ ఆంప్లిఫయర్లలో కూడా చాలావాటికి ఇదే ప్రమాదం. హెడ్‌ఫోన్‌ని స్పీకర్ టెర్మినళ్ళకి తగిలించాలని ఎవరికైనా ఆలోచన ఉంటే, నాలుగు వైర్లూ విడివిడిగా ఉన్న కేబుల్‌తోనే చేయండి.

అవుట్‌పుట్ ఇంపీడెన్స్ అని ఇంకోటి ఉంది, అంటే ఆంప్లిఫయర్ తన లోపల పెట్టే అడ్డు. ఆంప్లిఫయర్‌ది హెడ్‌ఫోన్ ఓమ్‌లలో ఎనిమిదో వంతు లోపల ఉంటే దిగులు లేదు. ఎక్కువైతే? హెచ్‌డి 650 పేరుకి 300 ఓమ్‌లు, కానీ బేస్ దగ్గర ఒకచోట 500 దాకా లేస్తుంది. 120 ఓమ్‌ల అవుట్‌పుట్ ఉన్న పాత పెట్టెకి తగిలిస్తే అక్కడ బేస్ ఒక డెసిబెల్ పెరుగుతుంది. కొందరికి అదే తియ్యగా ఉంటుంది, వాల్వ్ ఆంప్లిఫయర్లు ఇష్టపడేవాళ్ళు చాలామంది ఆ మార్పునే ఇష్టపడుతున్నారు. తప్పు లేదు. ప్లానర్లకి ఇంపీడెన్స్ గీత గీసినట్టు సమంగా ఉంటుంది, వాటికి ఈ రంగు అంటదు.

ఇందాక 115 సంగతి తర్వాత చెబుతానన్నాను కదా. ఈక్వలైజర్ వాడేవాళ్ళు చెయ్యెత్తండి... చాలామందే ఉన్నారు. బేస్ 6 డెసిబెళ్ళు పెంచితే ఆ స్వరాలకి పవర్ 4 రెట్లు కావాల. సాఫ్ట్‌వేర్‌లో ముందు 6 తగ్గించి ఉంటారు, డిజిటల్‌లో తెగకుండా. ఆ తగ్గింది మళ్ళీ నాబ్ తిప్పి తెచ్చుకుంటారు. భారం అంతా ఆంప్లిఫయర్ మీదే పడుతుంది. అందుకే మీరు ఆ పెంచినంతా లెక్కలో కలుపుకోవాల.

మరి కావాల్సినదానికంటే పదింతలు ఉంటే ఇంకా బాగుంటుందా? ఉండదండీ. శిఖరం తెగకుండా ఉన్నాక, ఆ పైన ఉన్న పవర్ ఊరికే కూర్చుని ఉంటుంది. అది శబ్దానికి మందం తేదు, లోతు తేదు. ఆ డబ్బుతో ఇంకో మంచి హెడ్‌ఫోన్ కొనుక్కోండి. పైగా ఎక్కువ పవర్‌తో చెవికి ముప్పు. పిల్లలు ఉన్నారు కాబట్టి ఈ మాట చెప్పాల. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి వారానికి 40 గంటలు, 80 డెసిబెళ్ళు హద్దు అంటుంది. అమెరికాలో పనిచోట్ల ఆరోగ్యం చూసే నియోష్ లెక్కలో 85కి 8 గంటలు, ఆ పైన ప్రతి 3 డెసిబెళ్ళకీ సమయం సగం. 100 దగ్గర 15 నిమిషాలే. నేను చెప్పిన 110 క్షణం పాటు లేచే దెబ్బకి మాత్రమే, దాన్ని సగటు చేసుకుని వినొద్దు. పోయిన వినికిడిని ఏ ఆంప్లిఫయరూ తెచ్చివ్వదు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన పని. మీరు నిజంగా ఎంత వోల్టేజీ వాడుతున్నారో ఇంట్లోనే కొలవచ్చు. మామూలు మల్టీమీటర్ చాలు. ముందు ప్లేయర్‌లో ఈక్వలైజరు, శబ్దస్థాయి సమం చేసే సెట్టింగ్ ఉంటే రెండూ ఆపేయండి. మీకిష్టమైన పాటల్లో తక్కువ స్థాయిలో రికార్డయినది పెట్టి, మీరు ఎప్పుడూ వినే దానికంటే కాస్త ఎక్కువకి నాబ్ తిప్పండి. ఇంక నాబ్ ముట్టొద్దు. హెడ్‌ఫోన్ ఊడదీయండి. తల మీద నుంచి తీయడం కాదు, జాక్ నుంచే ఊడదీయండి. అప్పుడు పూర్తి స్థాయిలో ఉన్న 50 హెర్ట్జ్ సైన్ టోన్ ప్లే చేయండి. మీటర్‌ని ఏసీ వోల్టుల్లో పెట్టి, ఒక పాత కేబుల్ జాక్‌లో పెట్టి, దాని రెండో చివర కొనకీ మొదటికీ మధ్య కొలవండి. మీటరు రెండు మొనలూ ఒకదానికొకటి తగలనీయొద్దు. అక్కడ వచ్చిన అంకె ఉంది చూడండి, మీ పాటలో ఏ దెబ్బా దాన్ని దాటి పోలేదు, ఎందుకంటే డిజిటల్ ఫైల్‌లో ఆ టోన్‌కంటే పైకి పోయే చోటు లేదు. ఈక్వలైజర్‌లో ఏదైనా పెంచి వినేవాళ్ళు ఆ పెంచిన డెసిబెళ్ళు దీనికి కలుపుకోండి. 50 హెర్ట్జ్ ఎందుకంటే మామూలు మీటర్లు మన ఇంటి కరెంటుకి ఉండే ఆ పౌనఃపున్యం దగ్గర సరిగ్గా పనిచేస్తాయి.

ఆ వోల్టులు చేతికొచ్చినాక, ఓమ్‌లతో భాగిస్తే కరెంటు. ఈ రెండు అంకెలూ కాగితం మీద రాసుకుని దుకాణానికి పోండి. కొలిచిన వోల్టేజీ మీ ఆంప్లిఫయర్ ఇవ్వగలిగిన గరిష్ఠానికి ఆనుకుని ఉంటే మాత్రం, అది అప్పటికే కోసేస్తా ఉందని అర్థం, ఆ అంకెని నమ్మొద్దు.

ప్రశ్నలు ఉన్నాయా? ఆ అమ్మాయి చాలాసేపటి నుంచి చెయ్యెత్తి ఉంది. చెప్పమ్మా.

(ప్రశ్న: తన దగ్గర హెచ్‌డి 650, ఒక డాంగిల్ ఉన్నాయని, పాత కచేరీలకి వాల్యూమ్ పూర్తిగా పెట్టాల్సి వస్తా ఉందని, కొత్త సినిమా పాటలకి సగం చాలుతుందని, ఆంప్లిఫయర్ తప్పనిసరా అని అడిగింది.)

మంచి ప్రశ్న. కొత్త పాటలు బాగా నొక్కి, అంతా పైస్థాయిలో పెట్టి రికార్డు చేస్తారు, వాటికి 1 వోల్టు చాలుతుంది. పాత కచేరీల్లో సగటు కింద ఉంటుంది, దెబ్బలు పైన ఉంటాయి, అందుకే నాబ్ మొత్తం తిప్పాల్సి వస్తా ఉంది. డాంగిల్ తెగ్గొట్టడం లేదు, దాని హద్దు అక్కడికే. నీకు కావాల్సింది వాట్లు కాదమ్మా, ఇంకొంచెం వోల్టేజీ. 2 వోల్టులు ఇచ్చే డాంగిల్ అయితే 6 డెసిబెళ్ళు పెరుగుతుంది, నాలుగు వోల్టుల చిన్న డెస్క్‌టాప్ ఆంప్లిఫయర్ అయితే 12. 12 ఎక్కువే, ముందు 2 వోల్టులది చూడు. హెడ్‌ఫోన్ తెచ్చుకున్నావా? మీటరు నా సంచిలో ఉంది, టోన్ ఫైల్ నా ఫోన్‌లో ఉంది. రా, ఈ బల్ల మీదే కొలిచి చూద్దాం. మిగతావాళ్ళు కూడా ముందుకు రండి.